ఏడు జెండాల బోయా

నేను ఒక బోయాను. నడిసముద్రంలో లంగరు మీద తేలుతూ గాలి వేగం, అలల ఎత్తు, నీటి వేడి కొలిచి గంటగంటకూ కబురు పంపడం నా పని. తుపానులు ఏటేటా ముదిరిపోతున్నాయని ఏడు దేశాలు కలిసి నన్ను చేయించాయి. నా పసుపు పొట్ట మీద ఎవరి జెండా పైన ఉండాలన్న దానికే పెద్దలు నాలుగు నెలలు తగువులాడుకున్నారు.

మూడేళ్లు బాగానే గడిచాయి. నా కబురు ఏడు దేశాలకూ ఒకేసారి చేరేది, అక్కడి నుంచి రేవులకు వెళ్లేది. సూరాడ ఎర్రయ్య అనే జాలరి నా దాపున వల వేసుకుని, పోతూ పోతూ నా మీది పక్షుల రెట్ట తుడిచేవాడు. నన్ను చేయించిన వాళ్లలో ఒక్కడూ ఆ పని చెయ్యలేదు.

తరువాత రెండు దేశాలకు సరిహద్దు గొడవ వచ్చింది. నేను ఎదుటివాడి గూఢచారినని ఇద్దరూ అన్నారు. తక్కిన ఐదుగురూ ఎవరి వెనక నిలబడితే లాభమో చూసుకున్నారు. భద్రతే ముందని తీర్మానించి, విందు భోంచేసి లేచారు. ఓడ వచ్చి నా లంగరు కోసి, నన్ను ఈడ్చుకొచ్చి రేవు వెనక చేపల చెత్తలో పడేసింది.

ఆ కార్తీకంలో తుపాను వచ్చింది. ముందుగా కబురందలేదు. ఎర్రయ్య పడవ తిరిగి రాలేదు.

పదకొండో రోజున ఏడు దేశాల ప్రతినిధులు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుని ఓదార్చడానికి వచ్చారు. నా ముందు నిలబడి ఫొటో దిగబోతుంటే ఎర్రయ్య భార్య నూకరత్నం అడిగింది.

"ఇది నీళ్లల్లో ఉండాల కదా బాబూ. గట్టు మీదకెందుకు తెచ్చీసినారు?"

"భద్రత విషయమమ్మా" అన్నాడు ఒకాయన.

"ఎవుళి బద్రత బాబూ?"

ఫొటోలో పడకుండా ఆమెను పక్కకు జరగమన్నారు. ఆ నవ్వుమొహాలను చూస్తే నాకు చేపల కంపే నయమనిపించింది.

నూకరత్నం ఊరుకోలేదు. పాత వైర్‌లెస్ సెట్టు ఒకటి సంపాదించి రేవులో పెట్టింది. అవతలి దేశపు జాలర్ల భాషలో పది మాటలు నేర్చుకుంది. గాలి తిరిగితే వాళ్లు ఈమెకు, ఈమె వాళ్లకు ఆ సెట్టులోనే కబురందించుకునేవారు. మరుసటి తుపానుకు రెండు ఒడ్లలోనూ ఒక్క ప్రాణం పోలేదు.

ఆ సంగతి పేపర్లో పడింది. వారం తిరక్కుండా జీపు వచ్చింది. పరాయి దేశంతో మాట్లాడటం నేరమని చెప్పి నూకరత్నాన్ని ఎక్కించుకుపోయారు. సెట్టు పీకి నా పక్కన విసిరేశారు.

దాని బ్యాటరీ ఇంకా అయిపోలేదు. అవతలి పడవలోంచి ఎవరో "రత్నమ్మా, గాలి తిరుగుతోంది, రత్నమ్మా" అని తన భాషలో పిలుస్తూనే ఉన్నాడు.