ప్రాగ్ వంతెన మీద నేను చెప్పిన జవాబు

మా ఇంట్లో ఫారాలన్నీ నేనే నింపుతాను. వీసా, మెడికేర్, కారు ఇన్సూరెన్సు, ఆఖరికి మా ఆవిడ శేషు పళ్ళ డాక్టరు దగ్గర ఇచ్చే కాగితం కూడా. తను పక్కన కూర్చుని సంతకం పెడుతుంది. ఇందులో నా గొప్పేం లేదు, ఓపిక లేకపోవడమే. ఎవరైనా ఓ ప్రశ్న అడిగి జవాబు కోసం చూస్తుంటే నా వల్ల కాదు, మధ్యలో దూరిపోతాను. అమ్మ బతికున్న రోజుల్లోనే అనేది, అచ్యుత్ నోరు ఊరుకోదని.

శేషుకుమారి కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివింది. ఆఖరేడు ప్రాజెక్టు రాతి వంతెనల మీద చేసింది. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన ఉంది చూశారూ, దాని బొమ్మ హాస్టల్లో మంచం పక్కన గోడకి అంటించుకుందట. పెళ్ళయ్యాక కూడా నాలుగేళ్ళు ఓ కాంట్రాక్టరు దగ్గర కల్వర్టులు కట్టించింది. ఎండలో తిరిగి నల్లబడి ఇంటికొచ్చేది, అయినా హుషారుగా ఉండేది. తర్వాత ఆస్ట్రేలియాలో స్థిరపడే వీసా, పీఆర్ వచ్చి మెల్‌బోర్న్‌లో పడ్డాం. వీసాకి నా చదువు పాయింట్లే సరిపోయాయి కదాని, తన డిగ్రీ ఇక్కడ చెల్లుతుందని తేల్చే అసెస్‌మెంట్‌కి పంపలేదు. అక్కడికెళ్ళాక చూద్దాంలే అన్నాను. ఇక్కడికొచ్చాక అమూల్య పుట్టింది. ఊరి చివర పాయింట్ కుక్‌లో ఇల్లు తీసుకున్నాం. రోజూ పొద్దున గంటన్నర నేను ఫ్రీవే మీదే ఉంటే పిల్లని ఎవరు దింపుతారు? ప్రతి ఏడూ "వచ్చే ఏడు" అన్నాను. తను పక్కవీధి చైల్డ్‌కేర్‌లో చేరి పదిహేనేళ్ళయింది. ఒక్కనాడూ గొడవపడలేదు. పడి ఉంటే బాగుండేది. నేనూ నాలుగు మాటలని, ఆనక సిగ్గుపడి ఏదో ఒకటి చేసేవాణ్ణి.

మొన్న సెప్టెంబరులో మా పెళ్ళయి పాతికేళ్ళు. ఎక్కడికెళ్దాం అంటే ఆలోచించను కూడా లేదు, ప్రాగ్ అంది. అమూల్య యూనిలో అసైన్‌మెంట్లున్నాయని రాలేదు. సరే, రైస్ కుక్కరూ, గోంగూర పచ్చడీ సర్దుకుని ఇద్దరమే బయల్దేరాం.

జనం పోగవక ముందే చూడాలని పొద్దున్న ఏడింటికల్లా నన్ను వంతెన మీదికి లాక్కెళ్ళింది. నేను అలవాటు ప్రకారం ఫోన్ తీసి గుంటూరులో మా అక్కయ్యకి వీడియో కాల్ చేసి, వరసగా నిలబెట్టిన విగ్రహాలన్నీ చూపిస్తున్నాను. శేషు వాటి వంక చూస్తే ఒట్టు. పిట్టగోడ రాళ్ళ మీద అరచెయ్యి ఆనించి నడుస్తోంది. వంగి కింద కమాన్లు చూస్తోంది. రాయికీ రాయికీ మధ్య సున్నాన్ని గోటితో గీకి చూసింది. ఎవరైనా చూస్తే ఫైన్ వేస్తారే అన్నాను. నవ్వింది. తను అలా నవ్వి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తు లేదు.

వంతెన మధ్యలో ఓ చోట మరమ్మతు జరుగుతోంది. ఇనప కంచె కట్టి, లోపల నాలుగైదు రాళ్ళు తీసి పక్కన పెట్టారు. హెల్మెట్ పెట్టుకున్న తెల్లగడ్డం పెద్దాయన కంచె తలుపు తాళం తీస్తున్నాడు. శేషు ఆగి ఆయన్ని ఏదో అడిగింది. కమాను పైన రాళ్ళ వెనక ఏం నింపారు, వాననీరు ఎటు దిగుతుంది అని. ఆయన ముందు మర్యాదకి చెప్పాడు. తర్వాత చేతిలో సంచీ కింద పెట్టి మరీ చెప్పాడు. పది నిమిషాలు ఇద్దరూ చేతులు తిప్పుతూ మాట్లాడుకున్నారు. నాకు సగం అర్థం కాలేదు. నా పెళ్ళాం ఇంగ్లీషు అంత ధాటిగా మాట్లాడుతుందని నాకు తెలియదు, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆఖర్న ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. టూరిస్టుల్ని రానివ్వకూడదట. మన వృత్తిలో వాళ్ళయితే మాత్రం ఐదు నిమిషాలు లోపలి కట్టుబడి చూపిస్తాను అన్నాడు. అక్కడ తగిలించి ఉన్న ఇంకో హెల్మెట్ అందుకుంటూ శేషుని అడిగాడు, "ఆర్ యూ యాన్ ఇంజనీర్?"

శేషు పెదవులు కదిలాయి. ఒక్క అరక్షణం ఆగింది, అంతే.

"నో నో, షి వర్క్స్ ఇన్ చైల్డ్‌కేర్," అన్నాను నేను.

ఎందుకన్నాను? పదిహేనేళ్ళుగా తన ఉద్యోగం అన్న గడిలో నేను రాస్తున్నది అదే. చేతికి పట్టిన అలవాటు నోటికీ పట్టింది. ఆయన పాపం, పిల్లల పని చాలా గొప్ప పని అన్నాడు. హెల్మెట్ మళ్ళీ తగిలించాడు. ఈ సున్నంలో కోడిగుడ్లు కలిపారని ఓ కథ ఉందని, టూరిస్టులకి చెప్పేదేదో నాకు చెప్పి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. శేషు థాంక్యూ అంది.

వంతెన దిగేదాకా నాకు బుర్ర వెలగలేదు. వెలిగాక అక్కడే ఆగిపోయాను. వెనక్కెళ్ళి ఆయనతో చెబుతాను పద అన్నాను.

"ఏం చెబుతారు? మీరన్నది నిజమేగా," అంది.

గొంతులో కోపం లేదు. నేనే పరుగెత్తుకుంటూ వెళ్ళాను. కంచెకి తాళం వేసి ఉంది. మర్నాడు పొద్దున్నే వియన్నా రైలు. టికెట్లు పోతే పోయాయి, ఉండిపోదాం అని బతిమాలాను. తను వద్దంది. ఆ తర్వాత వారం రోజులూ నేను ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి ఫొటోలు దిగింది. గోడలూ స్తంభాలూ దేన్నీ ముట్టుకోలేదు.

ఎయిర్‌పోర్టుకి అమూల్య కారు తీసుకుని వచ్చింది. శేషు ముందు సీట్లో, నేను వెనక. రింగ్ రోడ్ ఎక్కాక, చేసిన పాపం కాస్తయినా కడుక్కోవాలని నేనే ఎత్తాను. మీ అమ్మ ఆ వంతెన మీద అక్కడి వాళ్ళనే అదరగొట్టిందే, ఎంతైనా కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చేసింది కదా, కల్వర్టులు కట్టించింది కదా అని.

అమూల్య కారు స్లో చేసింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఆ మాట వినడం అదే మొదటిసారి. మేమిద్దరం ఎప్పుడూ చెప్పలేదు.

"మమ్, యూ ఆర్ యాన్ ఇంజనీర్?" అంది.

అడిగింది వాళ్ళమ్మని. శేషు సీట్లో వెనక్కి తిరిగి, జవాబు నేనే చెబుతాను కదాని నా వైపు చూసింది.