నీలం వదలని ఫ్లాస్కులు

అక్క ఆ ప్రయోగశాలలో చేరి పదకొండేళ్ళు. చెల్లెలు చేరి నాలుగు నెలలు. ఇద్దరిదీ ఒకటే పని: దుంగలను పుచ్చబెట్టే ఒకరకం తెల్లబూజును పెంచి, చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టే ఎంజైములను దాని నుంచి రాబట్టడం. ఎంజైము ఊరిందంటే ఫ్లాస్కులో కలిపిన నీలంరంగు విరిగిపోయి ద్రవం తేటపడుతుంది.

అక్క ఆ బూజును పసిబిడ్డలా సాకింది. అది ఏపుగా పెరిగేది, కానీ నీలం కొంచెం వెలిసి ఆగిపోయేది. ఆకలేస్తేనే అది ఎంజైము వదులుతుందని, చెల్లెలు వస్తూనే నైట్రోజన్ మేత దాదాపు మాన్పించింది.

"అది నేనెప్పుడో చేసి చూశానే. నాలుగు రోజులైనా ఏమీ రాలేదు, పారబోశాను" అంది అక్క.

"నేను తొమ్మిది రోజులు ఆగానక్కా. అంతే" అంటూ చెల్లెలు ఫ్లాస్కు ఎత్తి చూపించింది. మంచినీళ్ళలా ఉంది.

'అంతే' అన్న ఆ మాట అక్క గుండెలో ముల్లులా దిగింది. డైరెక్టరుగారు మెట్లు దిగి వచ్చి మరీ చెల్లెల్ని మెచ్చుకున్నారు. పక్కనే నిలబడ్డ అక్కతో, "ఆ కిటికీ కాస్త తెరవమ్మా" అన్నారు. ఇంటికి వెళ్తే అమ్మ ఫోనులో పిన్నికి అదే సంగతి మూడోసారి చెబుతోంది. అక్క సగం అన్నం వదిలేసి లేచింది. చిన్నప్పుడు తనే నడక నేర్పిన పిల్ల. దాన్ని చూస్తే కడుపు రగిలిపోతోంది, ఆ రగలడం చూసుకుంటే సిగ్గేస్తోంది.

ఫలితం మళ్ళీ వస్తుందో లేదో చూడాలని చెల్లెలు ఆరు ఫ్లాస్కులు పెట్టింది. మూడో రోజు అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు అక్క ఆరింటి మూతలూ ఒక్కొక్కటే తీసి, నైట్రోజన్ మేత రెండేసి చుక్కలు కాదు, పిపెట్ నిండా వదిలింది. ఒక్క చుక్కా బయట పడలేదు. పదకొండేళ్ళ అలవాటు.

తొమ్మిదో రోజు నీలం నీలంగానే ఉంది. పన్నెండో రోజూ అంతే.

"మొదటిసారి ఏదో గుడ్డిదెబ్బ తగిలినట్టుంది" అన్నారు డైరెక్టరుగారు.

తేలు కుట్టిన దొంగలా అక్క గ్లాసులు కడుగుతూ ఉండిపోయింది. చెల్లెలు వచ్చి పక్కన నిలబడింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నా చేతిలోనే ఏదో లోపం ఉందక్కా. ఈసారి నువ్వు పెట్టవా? నీ చెయ్యి తప్పదు."

అక్క కుళాయి కట్టేసింది.

"నీ చేతిలో ఏం లేదే. నేనే మేత వేశాను, ఆరింట్లోనూ. ఓర్వలేక."

చెల్లెలు జేబులోంచి పెన్ను తీసింది. "ఎంత వేశావ్?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకుంది. రాస్తుంటే కన్నీళ్ళు కాగితం మీద పడ్డాయి. ఆ మధ్యాహ్నమే అక్క డైరెక్టరుగారి గదికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన ఆమెను ఆ పని నుంచి తప్పించి, కింది అంతస్తులో, బూజు పెంచే గాజు పళ్ళేల్లో జెల్లీలాంటి మేత పోసి సిద్ధం చేసే గదికి పంపారు.

చెల్లెలు మళ్ళీ పెట్టిన ఆరు ఫ్లాస్కులు తొమ్మిదో రోజుకు తేటపడ్డాయి. ఆ వార్త అక్కకు చెల్లెలు చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఒకే ఇంట్లో ఉంటూ రెండు నెలలు మాటల్లేవు. తర్వాత ఒకరోజు చెల్లెలు కింది గది గుమ్మంలో నిలబడి, "నలభై పళ్ళేలు కావాలి, రేపటికి" అంది. 'అక్కా' అనలేదు.

"ఇస్తాను" అంది అక్క. అసూయ పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. పళ్ళేలు మాత్రం ఒక్కటీ తేడా లేకుండా పోసింది.