ఎడమ మలుపులో పెట్రోలు వాసన

రెండు వైపులా సముద్రమే. బీచ్ రోడ్డుకి ఒక పక్కన ఇళ్ళుండాలి, హోటళ్ళుండాలి, మురీ మిక్స్చరు బండ్లుండాలి అని రోహిణికి తెలుసు, కానీ ఇవాళ అవేవీ లేవు, ఎడమనా నీళ్ళే, కుడినా నీళ్ళే, నడుమ తడిసిన నల్లటి రోడ్డు మీద ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు హాయిగా పరుగెడుతోంది, దాన్ని నడుపుతున్నది తాయారత్త. చనిపోయి మూడేళ్ళు దాటిన మనిషి స్టీరింగు ముందు కూర్చోవడం రోహిణికి ఏమంత వింతగా తోచడం లేదు. వింతగా తోస్తున్నదల్లా కారు టాపు తీసేసి ఉన్నా, అంత గాలి కొడుతున్నా, అత్త వెంకటగిరి చీర కొంగు మాత్రం రవ్వంతైనా ఎగరకపోవడం.

"కొంగు కదలడం లేదేటత్తా" అంటుంది రోహిణి.

"పోయినాక అలాటి అవస్థలుండవే. పిన్నీసులు కూడా అక్కర్లేదు" అంటుంది తాయారత్త, నల్లకళ్ళద్దాలు ముక్కు మీదకి జార్చి మేనకోడల్ని పైనుంచి కిందకి చూస్తూ. "నువ్వేటి, ఇలా చిక్కిపోయేవు?"

తాయారు రోహిణికి నాన్న అక్క. విశాఖపట్నంలో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పింది, పెళ్ళి మాటెత్తిన వాళ్ళందరికీ కాఫీ ఇచ్చి పంపించింది, ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఓ ఓడ కెప్టెన్ దగ్గర ఈ పాత కారు కొని, ఉద్యోగమంతా, ఆ తర్వాత రిటైర్మెంటంతా దాంట్లోనే తిరిగింది. వెనకాల కూర్చుంటామన్న చుట్టాలకి వెనక సీటే లేని కారు కొన్నందుకు జీవితాంతం సంతోషించింది కూడా. పోయేముందు తాళం చెవి తెచ్చి రోహిణి చేతిలో పెట్టింది. ఆ తాళం చెవి ఇప్పుడు రోహిణి ఒళ్ళో ఉంది, కారు మాత్రం అది లేకుండానే నడుస్తోంది.

"సాయంత్రం బేరగాడొస్తున్నాడత్తా" అని రోహిణి ఆ మాట కాస్తా అనేస్తుంది. "రాజమండ్రి నుంచి. కారు పట్టుకుపోతాడు."

తాయారత్త బ్రేకు వేయదు గానీ సముద్రం మాత్రం రెండు వైపులా టక్కున ఆగిపోతుంది, లేచిన కెరటాలు లేచినట్టే నిలబడి వింటున్నాయి.

"ఎందుకమ్ముతున్నావు? ఏటి తక్కువైంది?"

"వాసన" అంటుంది రోహిణి. "పెట్రోలు వాసన."

ఆ వాసన కథ పెద్దదే. ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. మెకానిక్ షెడ్డులో పైపులు మార్చారు, కార్బొరేటరు విప్పి కడిగారు, ట్యాంకు దింపి చిల్లులున్నాయేమో చూశారు, అన్నీ బాగున్నాయన్నారు, బిల్లు తీసుకున్నారు, ఇంటికి తెచ్చాక మళ్ళీ గుప్పుమంది. రోహిణి మొగుడు చలపతికి దేవుడు ఏం తక్కువ చేశాడో గానీ ముక్కు మాత్రం మహా గొప్పది ఇచ్చాడు, వీధి మలుపు తిరుగుతుండగానే ఇంట్లో పప్పు అడుగంటబోతోందని చెప్పగలడు. అలాంటివాణ్ణి ఈ కారులో కూర్చోబెడితే ఏమవుతుంది? "వంటింట్లో గ్యాసు వాసనొస్తే ఊరుకుంటామా రోహిణీ? ఇదీ అంతే. నిప్పంటుకుంటే కారుతో పోదు. వాసన ఎక్కడిదో దొరికితే ఉంచుకుందాం, దొరక్కపోతే ఇచ్చేద్దాం" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే రోహిణికి అంత ఏడుపొచ్చింది. వాసన దొరకలేదు, బేరగాడొస్తానన్న ఆదివారం వచ్చేసింది.

"అంతేనా" అంటుంది తాయారత్త, గేరు మారుస్తూ. "కూర్చో సరిగ్గా. వైవాకి వచ్చిన పిల్లలా భయపడకు."

వైవా అనగానే రోడ్డు రోడ్డు కాకుండా పోయి కాలేజీ వరండా అవుతుంది, అటూ ఇటూ గది తలుపులు, గోడలకి ఆకుల బొమ్మలు, ఫార్మలిన్ సీసాల్లో వేళ్ళూ దుంపలూ, మధ్యన ఎర్ర కారు నెమ్మదిగా, ఎవర్నీ గుద్దకుండా, హెడ్‌మిస్ట్రెస్‌లా నడుస్తోంది. తాయారత్త ఎక్కడినుంచో స్టీలు గ్లాసు నిండా పొగలు కక్కే కాఫీ తీసి డాష్‌బోర్డు మీద పెడుతుంది.

"వాసన ఎక్కడ్నుంచి వస్తోందని అందరూ వెతికేరు. ఎప్పుడొస్తోందని ఎవరైనా అడిగేరా? పొద్దున్న స్టార్టు చేసినప్పుడొస్తోందా?"

"లేదు."

"ఇంజను వేడెక్కేక?"

"అప్పుడూ లేదు."

"తిన్నగా పోతున్నప్పుడు?"

"కొంచెం. ఎండలో పెడితే కొంచెం. ఎడమకి తిప్పితే మాత్రం ఒక్కసారి గుప్పుమంటుంది."

"మరి కుడికో?"

రోహిణి ఆలోచిస్తుంది. ఇంటి నుంచి బయల్దేరితే కుడివైపు మలుపులు ఎన్నో ఉన్నాయి, వాటిల్లో ఎప్పుడూ చలపతి ముక్కు మూసుకోలేదు. "కుడికి రాదత్తా" అంటుంది, తనకే ఆశ్చర్యంగా.

తాయారత్త చెప్పా పెట్టకుండా స్టీరింగుని ఎడమకి కోసేస్తుంది, కారు కెమిస్ట్రీ ల్యాబు మూల మీదుగా వొరిగి తిరుగుతుంది, కాఫీ గ్లాసులో కాఫీ కుడి అంచుకి ఎక్కి పొర్లుతుంది, కారు మళ్ళీ తిన్నగా అయ్యే ఊపుకి గ్లాసు ఇటు జారి రోహిణి కాళ్ళ దగ్గర రబ్బరు పట్టా మీద బోర్లా పడుతుంది. వేడి కాఫీ, ఫిల్టరు డికాషను వేసినది, ఆ వాసనకి రోహిణికి కడుపులోంచి సంతోషం లేస్తుంది.

"చూసేవా? నిండు గ్లాసు గనక పొర్లింది. సగం గ్లాసైతే పొర్లునా? పెట్రోలూ అంతే. ఎడమకి తిరిగితే కుడికి ఎక్కుతుంది. కుడి పక్కన ఏటుంది?"

"పెట్రోలు పోసే క్యాపు."

"ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే కదా ఈ గొడవంతా?"

అప్పుడు రోహిణికి తళుక్కున తోస్తుంది. వాసన దసరా వెళ్ళగానే మొదలయ్యేది. పూజకి ట్యాంకు గొంతు దాకా నింపించడం అత్త పెట్టిన ఆనవాయితీ, పండగ పూట బండి పస్తుండకూడదని. ఆ తర్వాత నెల తిరిగేసరికి పెట్రోలు దిగేది, వాసనా దిగేది.

"షెడ్డుకి పంపేటప్పుడు ఎంతుంచేవు?"

రోహిణి కిటికీ వైపు చూస్తుంది. కిటికీలో జామచెట్టు ఒకటి కారుతో పాటు నడుస్తోంది.

"అడుగున కొంచెం" అంటుంది చివరికి. "షెడ్డువాళ్ళు పెట్రోలు తీసీసుకుంటారు, ఖాళీ చేసి పంపమని నువ్వే కదా నేర్పేవు."

తాయారత్త స్టీరింగు వదిలేసి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నవ్వుతుంది. బతికున్నప్పుడు దగ్గొచ్చేదాకా నవ్వేది, ఇప్పుడు దగ్గు కూడా లేదు, నవ్వు అడ్డూ ఆపూ లేకుండా వరండా ఆ చివరిదాకా పోతుంది. "నేనే నేర్పేను. పస్తున్న మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి అజీర్తికి మందడిగేవు. పాపం, వాళ్ళకి వాసనెక్కడొస్తుంది?"

రోహిణీ నవ్వుతుంది. నవ్వుతుండగా వరండా తడుస్తుంది, కెరటాలు మళ్ళీ కదులుతాయి, కారు ఇప్పుడు సముద్రం మధ్యన ఒంటరిగా నిలబడ్డ పెట్రోలు బంకులో ఉంది. అక్కడ మనుషులెవరూ లేరు, ఒక కాకి మాత్రం బిల్లుల గది మీద కూర్చుని ఉంది. తాయారత్త దిగి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో కారు చుట్టూ తిరిగి వచ్చి, డ్రైవరు తలుపు వెనకనున్న చిన్న రేకు మూత మీద వేలితో తడుతుంది.

"క్యాపు పెట్టినప్పుడు టక్ మంటోందా?"

రోహిణి కూడా నీళ్ళలోకి దిగి అత్త పక్కకి వస్తుంది.

"నా చేతిలో ఎప్పుడూ టక్ మనేది. ఆ చప్పుడు వినందే బంకు కదిలేదాన్ని కాదు. నీకు వినిపిస్తోందా లేదా?"

"వయసొచ్చిన కారు కదత్తా, బిగుతు తగ్గిందనుకున్నాను."

"తెరువు."

తెరవడం రోహిణికి ఇష్టం లేదు. ఆ సంగతి రేకు మూతకీ తెలిసినట్టుంది, ఆమె చెయ్యి పెట్టేసరికి కొంచెం అవతలికి జరుగుతోంది, మళ్ళీ పెడితే మళ్ళీ జరుగుతోంది. చివరికి తాయారత్త వచ్చి దాన్ని కోడిపెట్టని పట్టుకున్నట్టు పట్టుకుంటే తెరుచుకుంటుంది. లోపల ట్యాంకు గొంతు, దాని చుట్టూ పసుపు దారాలు.

అది కూడా అత్త పెట్టిన ఆనవాయితీయే. బానెట్టుకి బొట్టు పెట్టాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, హారతి ముందువైపునే ఇవ్వాలి, ఆ తర్వాత బండికి మెడ ఇదే కనక పెట్రోలు పోసే గొంతుకి పసుపుకొమ్ము కట్టిన దారం కట్టాలి. అత్త పోయాక రోహిణి ఒక్క దసరా మానలేదు. అత్త కట్టిన దాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, దాని మీద మొన్నటిది. ఒకదాన్నొకటి పైకి తోసుకుంటూ వచ్చి ఇప్పుడు అంచు మీద కొమ్ములు ఎక్కి కూర్చున్నాయి. వాటి మీద క్యాపు ఎలా బిగుస్తుంది? ఆ సందులోంచి ఆవిరి రాక ఇంకేమొస్తుంది?

"షెడ్డువాళ్ళు చూసే ఉంటారే" అంటుంది తాయారత్త. "దేవుడి దారమని కళ్ళకద్దుకుని వదిలేసుంటారు. వాళ్ళననకు. నీ సంగతి చెప్పు. కొత్తది కట్టేముందు పాతది తీసీమని చెప్పలేదేటి నీకు?"

"చెప్పేవు."

"మరి?"

"అది నువ్వు కట్టింది" అంటుంది రోహిణి. అనేసి మరి ఆగలేకపోతుంది. "నీ చేత్తో కట్టిన ముడి అత్తా. నీ చీరలు పంచీసేం, పుస్తకాలు కాలేజీకిచ్చీసేం. కత్తెర పట్టుకుని వెళ్ళేదాన్ని, ఆ ముడి చూసేదాన్ని, మళ్ళీ వచ్చీసేదాన్ని."

తాయారత్త కళ్ళద్దాలు తీసేస్తుంది. అవి తీశాక ఆమె ముఖం రోహిణి చిన్నప్పుడు చూసిన అత్త ముఖం, ఎండలో బీచ్ నుంచి వచ్చి చెంబుడు నీళ్ళు తాగినప్పటి ముఖం.

"అరకు ఘాట్ రోడ్డు మీద కారు నీచేత నడిపించి నేను పక్కన కూర్చుంటానన్నాను" అంటుంది. "కూర్చోలేకపోయేను. నాకదొక్కటే వెలితి. నువ్వేమో ముడి పట్టుకుని కూర్చున్నావు, కారు ఇంటి షెడ్డు దాటడం లేదు. నేను ఆ దారంలో ఉంటానేటే పిచ్చిదానా? నేనుండేది రోడ్డు మీద కదే."

"తీసి నందివర్ధనం మొదట్లో వేస్తాను" అంటుంది రోహిణి కళ్ళు తుడుచుకుంటూ. పాత దారాలు అత్త అలాగే చేసేది.

"పెట్రోలు తాగిన దారం మొక్కకి వేస్తావా? నేను వృక్షశాస్త్రం చెప్పింది నీకెక్కనే లేదు. చచ్చూరుకుంటుంది. చెత్తబుట్టలో పారీ."

"చెత్తబుట్టలోనా?"

"మరేం? నన్ను పారేస్తున్నావేటి?" అని తాయారత్త క్యాపు తీసి ఆమె చేతిలో పెడుతుంది, తన చెయ్యి ఆమె చేతి మీద వేస్తుంది, ఆ చెయ్యి ఎప్పట్లాగే కొంచెం గరుగ్గా, కొంచెం వెచ్చగా ఉంటుంది. "పెట్టి నొక్కు. ఇంకొంచెం బరువు వెయ్యి. చప్పుడొచ్చేదాకా వెయ్యి." రోహిణి నొక్కుతుంది, క్యాపు దిగదు, ఇంకా నొక్కుతుంది, కెరటం ఒకటి బంకుని ఎత్తుకుంటోంది, అత్త కొంగు ఇప్పుడు, ఇప్పుడు మాత్రం, ఎగురుతోంది.

రోహిణి కళ్ళు తెరిచేసరికి అరచెయ్యి పడక్కుర్చీ చేతిని గట్టిగా నొక్కుతోంది. భోజనాలయ్యాక వరండాలో నడుం వాల్చిన సంగతి గుర్తొచ్చింది. ఎదురుగా చలపతి ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆయన అనకాపల్లి దాటలేదట. కాస్త ఆలస్యమవుతుందన్నాడు. ఏమిటలా చూస్తున్నావు?"

ఆమె లేచి, వంటింట్లోంచి కత్తెర తీసుకుని తిన్నగా ఇంటి పక్క కారు షెడ్డులోకి నడిచింది. రేకు మూత ఇప్పుడు ఎటూ జరగలేదు. పై దారాలు గబగబా తెగాయి. అడుగున అత్త కట్టినది వెలిసి తెల్లబడిపోయింది, కొమ్ము నల్లబడి ముడుచుకుపోయింది, ముడి మాత్రం అలాగే ఉంది. రోహిణి దాన్ని అరచేతిలో కాసేపు పెట్టుకుంది. తర్వాత వెళ్ళి చెత్తబుట్టలో వేసి వచ్చింది. క్యాపు పెట్టి, చెయ్యి బరువంతా వేసి నొక్కింది.

టక్ మంది.

"ఈ చప్పుడు విని ఎంత కాలమైందో" అన్నాడు వెనకనుంచి చలపతి.

"ఎక్కండి" అంది రోహిణి. "బేరగాడొస్తాడని నింపించిన ట్యాంకు, నిండుగానే ఉంది. మీ ముక్కుతో పనుంది."

టాపు మూసే ఉంచి, వీధి చివర ఎడమకి తిప్పింది. ఆ పై వీధిలో మళ్ళీ ఎడమకి. మూడోసారి ఇంకాస్త వేగంగా కోసింది. చలపతి కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి, మెదలకుండా కూర్చున్నాడు. తర్వాత ఫోను తీసి రాజమండ్రి ఆయనకి కలిపాడు, కారు అమ్మడం లేదనీ, దారి మధ్యలో చెప్తున్నందుకు క్షమించమనీ, అనకాపల్లిలో ఎలాగూ ఉన్నారు కనక మంచి బెల్లం కొనుక్కుని వెళ్ళమనీ చెప్పాడు. అవతల ఆయన ఏమన్నాడో గానీ, వినలేనట్టు ఫోను చెవికి కాస్త దూరంగా పెట్టాడు.

"పెట్రోలు వాసన లేదు" అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ. అంతలో మళ్ళీ ముక్కు ఎగబీల్చి, వంగి, తన కాళ్ళ దగ్గరున్న పట్టా వైపు చూశాడు. "కాఫీ వాసనొస్తోంది. ఫిల్టరు కాఫీ. కారులో ఎవరు తాగారు?"

ఇంటికి కుడికి తిరగాలి. రోహిణి మళ్ళీ ఎడమకే తిప్పింది.