రేకుల మీద దరువు

బడి రెండున్నరకు వదిలేస్తారు. మూడింటికల్లా వాందా లైతుమ్‌ఖ్రా మెయిన్ రోడ్డు దాటి, కొండవాలున ఉన్న తమ ఇంటికి దిగే ఎనభై మెట్ల దగ్గర కాసేపు నిలబడుతుంది. దిగడం కష్టమని కాదు, రేపు పొద్దున మళ్ళీ ఎక్కాలి కదా అని. నలభైమంది చిన్నపిల్లల చేత రోజంతా అక్షరాలు పలికించి వచ్చిన గొంతు అది. ఇంటికెళ్ళి పాడాల్సిందీ ఆ గొంతే. ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇల్లు చేరగానే ముందు అమ్మ మాత్ర, తర్వాత పొయ్యి మీద ఎర్ర టీ, ఆ తర్వాత గిటారు తీగలు సవరించుకోవడం. నాలుగింటికి స్టాండులో టాక్సీ పెట్టేసి కిట్‌బోక్ వస్తాడు. అతనిది బేస్ గిటారు. అతని వెనకాలే వాన వస్తుంది. వానది డ్రమ్స్.

వాళ్ళ బ్యాండు పేరు 'తడి కట్టెలు'. పదమూడేళ్ళ కిందట డ్రమ్స్ వాయించే బడాప్ బెంగళూరులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళిన వారానికి, ఏం చెయ్యాలో తోచక మిగిలిన ఇద్దరూ ఊరికే పాడుకుంటుంటే, ఇంటి రేకుల మీద వాన నాలుగు చుక్కలు లెక్కపెట్టి దరువు అందుకుంది.

"బడాప్ కంటే నయం. తాగి రాదు" అంది వాందా తల్లి త్రోలిన్.

అంతే. దాని గురించి ఇంకెవరూ మాట్లాడలేదు. పోస్టర్ల మీద డ్రమ్స్ అన్నచోట 'వాన' అని అచ్చు వేయించారు. పక్కింటి చర్చి పెద్ద మాత్రం, ఆదివారం ప్రార్థన వేళ వాయించొద్దని చెప్పమంటూ వాందాకు రెండుసార్లు కబురు పెట్టాడు.

చిక్కల్లా వేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాన ఉండదు, బ్యాండూ ఉండదు. హాళ్ళన్నీ సిమెంటు కప్పులే, అక్కడ దరువు లోపలికి దిగదు. ఒకసారి ఢిల్లీలో పోటీకి వెళ్ళారు. అక్కడి వాన వీళ్ళనెరుగదు. ఎనిమిది నిమిషాల పాటు ఇద్దరే వాయించి, తిరుగు రైలెక్కారు. వాళ్ళతోపాటు మొదలెట్టిన వాళ్ళు ఆల్బంలు చేశారు, విడిపోయారు, బేకరీలు పెట్టుకున్నారు. 'తడి కట్టెల'కు మాత్రం పదమూడేళ్ళయినా ఒక్క ఆల్బం లేదు.

ఈ ఏడు ఇక వాయిదా వెయ్యడానికి వీల్లేకపోయింది. కిట్ భార్య నర్సు. ఆమెకు తురాకు బదిలీ అయింది. నవంబరులో సంసారం ఎత్తేస్తున్నారు. అదే నెలలో రేకులు తీసేసి స్లాబు వేయిద్దామని మేనమామ బ్రెక్ పట్టుబట్టాడు. అక్కడి ఆచారం ప్రకారం ఇల్లు చిన్న కూతురిగా వాందాదే అయినా, ఆ ఇంట మామ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. వీటన్నిటికీ మించి అమ్మ గుండె. అది రెండుసార్లు కొట్టుకుని మూడోది మరిచిపోతోంది. ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదని, ఈ చలికాలం గడవడం కష్టమేనని డాక్టరు వాందాను పక్కకు పిలిచి చెప్పాడు. సరేనంది. అక్టోబరులో ఆల్బం, ఆ తర్వాత అమ్మ. ఆ పైన ఏముందో ఆలోచించే ఓపిక లేకపోయింది.

ఊళ్ళో ఉన్న స్టూడియో గోడలకు మందపాటి స్పాంజి. లోపల కూర్చుంటే బయట పిడుగు పడ్డా వినపడదు. అందుకని రికార్డింగు చేసే రాప్‌లాంగ్ తన సరంజామా అంతా మూటగట్టుకుని ఆ ఎనభై మెట్లూ దిగి వచ్చాడు. మధ్య గదిలో నిలబడి పైకి చూశాడు.

"డ్రమ్మరుకి ఒక్క మైకు చాలదు" అని, వాసాలకు మూడు కట్టాడు.

పక్క గదిలో త్రోలిన్ మంచం. పొయ్యి వేడి అటు వెళ్ళాలని తలుపు తీసే ఉంచుతారు. రాప్‌లాంగ్ చెవులకు తగిలించుకున్నవి తీసి, గుమ్మంలోకి వెళ్ళి, అక్కా అని పిలిచినట్టు వినయంగా అడిగాడు. "కాంగ్, పాట మధ్యలో దగ్గకుండా ఉండగలరా?"

"నా ఇల్లు, నా దగ్గు" అంది త్రోలిన్, క్వాయ్ తాంబూలం నములుతూ. "వానను అడిగావా, ఉరమకుండా ఉండగలదేమో?"

వానకు ఉరిమే శక్తి కూడా లేదు. అక్టోబరు వాన. నాలుగింటికి రావలసింది అయిదింటికి వచ్చేది. ఒకరోజు పాట ఎత్తుకుని, రెండో చరణంలో చేతులు దించేసింది.

కిట్ గిటారు ఒళ్ళో పెట్టుకుని కప్పుకేసి చూశాడు. "ఇదేంటి కాంగ్ వాందా, మధ్యలో వదిలేసింది?"

"అలిసిపోయి ఉంటుంది."

"ఏడాదికి నాలుగు నెలలు సెలవుల్లోనే ఉంటుందిగా! మనకున్నాయా సెలవులు? పొద్దుట్నించి పోలీస్ బజార్‌కి పద్దెనిమిది ట్రిప్పులు కొట్టొచ్చాను నేను."

"పైకి చూసి అరవకు. అసలే మానేస్తుంది."

మళ్ళీ మొదటినుంచి పాడారు. పన్నెండోసారికి వాన చివరిదాకా నిలబడింది. అలా పది రోజుల్లో ఎనిమిది పాటలయ్యాయి. విన్నప్పుడు వాందాకు సంతోషం కలగలేదు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బిందెలు దింపినట్టు భుజాలు మాత్రం కాస్త తేలికయ్యాయి.

తొమ్మిదో పాట శనివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు. ఆ వేసవిలో, ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నప్పుడు రాసుకున్న పాట. చాలా నిదానంగా నడుస్తుంది. కిట్‌కు కూడా రెండు రోజుల కిందటే వినిపించింది. అతను అక్కడే కూర్చుని బేస్ నేర్చుకున్నాడు.

వాన వచ్చింది. నాలుగు చుక్కలు లెక్కపెట్టింది. మొదటి చరణం బాగానే సాగింది. రెండోదానికి చుక్కలు పలచబడ్డాయి. రెండు పడి, మూడోది పడటం మానేసింది. మళ్ళీ రెండు, మళ్ళీ ఖాళీ. ఆ లెక్క వాందాకు తెలుసు. రోజూ అమ్మ చెయ్యి పట్టుకుని వేళ్ళ కింద వింటున్నదే. రాప్‌లాంగ్ ఆపుదామా అని చెయ్యి ఎత్తాడు. వద్దని తల ఊపింది. పడని చుక్క కోసం ప్రతిసారీ ఆగి, అది పడాల్సినంతసేపూ మాట పట్టుకుని, తర్వాతి మాట పాడింది. కిట్ కూడా ఆగాడు. ముగ్గురూ అలా ఒకరికోసం ఒకరు ఆగుతూ మూడో చరణానికి వచ్చారు.

అప్పుడు దరువు కప్పు మీద నుంచి కదిలింది. గోడ వెంట నెమ్మదిగా కిందికి దిగింది. ఖాళీలు ఒక్కొక్కటే పూడుకుంటూ, మెత్తగా, నిబ్బరంగా, తెరిచి ఉన్న తలుపులోంచి పక్క గదిలోకి వెళ్ళింది. పాట అయిపోయింది. రేకులు నిశ్శబ్దంగా ఉన్నాయి. పక్క గదిలో దరువు మాత్రం ఆగలేదు.

రాప్‌లాంగ్ మంచం దగ్గరికి వెళ్ళి చూసి వచ్చాడు. త్రోలిన్ గళ్ళ శాలువా కప్పుకుని, బుగ్గన క్వాయ్‌తోనే నిద్రపోతోంది.

"చివర్లో ఈ చప్పుడు కూడా ఉంచెయ్యనా?" అని అడిగాడు.

"ఉంచెయ్యి" అంది వాందా. లేచి వెళ్ళి అమ్మ నోట్లోంచి క్వాయ్ తీసింది.

ఆ నెలలో ఇంకో రెండుసార్లు వాన పడింది. వట్టి వానే, రేకుల మీద ఇసుక పోసినట్టు గోలగా. కిట్ టాక్సీ అమ్మేసి, పరుపులూ గిన్నెలూ లారీకెక్కించి తురా వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మెట్ల మీద నిలబడి ఏదో చెప్పబోయాడు.

"ఫోన్ చెయ్యి" అంది వాందా.

"చేస్తా కాంగ్" అన్నాడు.

మామ స్లాబు వేయించాడు. వాందా అడ్డు చెప్పలేదు. డిసెంబరులో ఆల్బం బయటికి వచ్చింది. పెద్ద పేరేమీ రాలేదు. విన్నవాళ్ళు విన్నారు. దిమాపూర్ నుంచి ఎవరో ఆవిడ, తొమ్మిదో పాటకు డ్రమ్స్ వాయించింది ఎవరని ఉత్తరం రాసింది. వాందా జవాబు రెండుసార్లు మొదలుపెట్టి ఊరుకుంది.

జనవరిలో అమ్మను చూపించడానికి తీసుకెళ్ళింది. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. మామూలుగా వినేదానికంటే ఎక్కువసేపే విన్నాడు. బల్ల కింద అతని బూటు తాళానికి ఆడుతోంది. కాసేపటికి తనే గమనించుకుని కాలు ఆపేశాడు.

"ఆరు నెలల తర్వాత తీసుకురండి" అన్నాడు.

వాందా బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఆరు నెలలంటే జూలై. జూలై గురించి తను ఏమీ అనుకుని పెట్టుకోలేదు. ఏడుపు రాలేదు గానీ విపరీతంగా ఆకలేసింది. దారిలో ఇద్దరూ జాదో, మాంసం వేసి వండిన అన్నం, తిన్నారు. త్రోలిన్ తన పళ్ళెం ఖాళీ చేసి కూతురి పళ్ళెంలోకి చూసింది.

ఇంటికి వచ్చాక, మూడు నెలలుగా గోడకు ఆనించే ఉన్న గిటారు తీసి, వాందా అమ్మ మంచం అంచున కూర్చుంది. ఏదో కొత్తది, ఇంకా మాటలు లేనిది, వేళ్ళకు తోచినట్టు మొదలుపెట్టింది. త్రోలిన్ కళ్ళు మూసుకుని కొంతసేపు విని, చేయి చాచి కూతురి మోకాలి మీద వేసింది.

"తొందరపడుతున్నావే" అంది. "నన్ను చూసుకుని వాయించు."