జీపు వాళ్లకు చెప్పే జవాబు

సరోజన పేరు నర్సుల రిజిస్టర్ నుంచి కొట్టేశారన్న కబురు వచ్చినప్పుడు, ఆమె కొత్తగూడ దగ్గరి సబ్ సెంటర్‌లో ఒక పసిపిల్లకు టీకా వేస్తోంది. ఆ పని ముగించి, ఏడుస్తున్న పిల్లను తల్లి చేతికిచ్చి, అప్పుడు కూలబడింది. నర్మెట్టలో కూలి చేసి తనను చదివించిన తండ్రి ఎర్రయ్య, కనబడిన ప్రతివాడికీ "మా బిడ్డ నర్సు" అని చెప్పుకుంటాడు. ఇక ఆయన ఆ మాట అనడానికి లేదు.

చేయని కాన్పు చేసినట్టు రాసుకుందన్నది ఆమె మీద మోపిన నేరం. వానకు వాగు పొంగి అంబులెన్స్ ఇవతలే ఆగిపోతే, నడుములోతు నీళ్లలో తాడు పట్టుకుని దాటి, తండాలో చాందీ అనే నిండుచూలాలికి పురుడు పోసింది నిజంగా సరోజనే. గిట్టనివాళ్లెవరో ఫిర్యాదు పెట్టారు. విచారణకని ఒక అధికారి జీపులో తండాకు వెళ్లి, చాందీ అత్త రాధాబాయిని అడిగాడు.

"నర్సమ్మనా? ఎవ్వలు రాలే సార్. మాకేం తెల్వదు," అంది రాధాబాయి.

ఆమెకు సరోజన అంటే ప్రాణం. కానీ అడవి నరికి పోడు సాగు చేసుకునే తండాలో జీపు దిగినవాడు ఎవడైనా, ఏది అడిగినా, జవాబు ఒక్కటే. చెట్టెవరు కొట్టారు? తెల్వదు. చేనెవరిది? తెల్వదు. పైగా ఇంటి దగ్గర కాన్పు చేస్తే నర్సును తిడతారని ఎక్కడో విని ఉంది. నర్సమ్మను కాపాడుతున్నాననే అనుకుంది పిచ్చితల్లి. ఇక నర్సుల మండలి వారు సరోజనను ఒక్క మాట అడగకుండానే పేరు కొట్టేసి చేతులు దులుపుకున్నారు. అంత పెద్దవాళ్లకు అడిగే తీరిక ఎక్కడిది మరి.

సరోజన హైకోర్టుకెక్కింది. ఆమె లాయరు భవ్య జనగామ కిరాణా వ్యాపారి కూతురు, మాట కూడా తూచినట్టే ఉంటుంది.

"నిన్ను అడగకుంట కొట్టేసిండ్రు కదక్కా. గదొక్కటి చాలు, గెలుస్తం."

"గట్లైతే నేను పురుడు పోసిన్నా లేదా అన్నది తేలదు కద."

"తేలాల్నంటే తండావాళ్లు పేరు, ఊరు ఇచ్చి ప్రమాణం చెయ్యాలె."

సరోజనకు తండా కళ్లముందు మెదిలింది. పట్టాలు రాని తండా అది. పేరు బయటపడితే రేపు జీపు దేనికోసం వస్తుందో ఎవరు చెప్పగలరు.

"వాళ్లను అడగను," అంది. కానీ నిప్పుకు చెదలు పట్టవని తనకు తెలిస్తే ఏం లాభం? ఏదో సందు దొరికి బయటపడిందనే లోకం అంటుంది.

తండాకు టీకాలు వేయడానికి కొత్త నర్సు వచ్చింది. పాత నర్సమ్మ ఏదని అడిగితే, తన మాటతోనే ఆమె పేరు పోయిందన్న సంగతీ, కోర్టు తారీఖూ రాధాబాయి చెవిన పడ్డాయి.

కోర్టు రోజు పొద్దున్నే అద్దాల రవికె తొడుక్కుని, కోడలినీ మనుమడినీ వెంటబెట్టుకుని హైకోర్టు గేటు దగ్గర నిలబడింది. భవ్య అప్పటికప్పుడు ప్రమాణపత్రం రాయించి వేలిముద్ర వేయించింది.

జడ్జి దాన్ని చదివి రాధాబాయి వైపు చూశాడు. "నర్సు రాలేదని అప్పుడు చెప్పింది మీరే కదా?"

"నేనే సార్. అబద్ధం చెప్పిన. జీపుల వచ్చినోళ్లకు గంతే చెప్తం."

"ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మాలి?"

రాధాబాయి ఒక అడుగు ముందుకేసింది. "నా పేరు బానోతు రాధాబాయి. వాగు అవుతలి తండా మాది. మా పోడు చేను గుట్ట కింద ఇప్పచెట్టు కాడుంటది. గీ మాట ఇయ్యాల్టి దనుక ఏ సార్‌కు చెప్పలే. గిది చెప్పినదాన్ని, గది అబద్ధం చెప్తనా? నా మనుమడు గీ నర్సమ్మ చేతులల్లనే పుట్టిండు."

సరోజనకు కళ్ల నీళ్లాగలేదు. ఇంత గౌరవం తనకు ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

మండలి నిర్ణయం చెల్లదని, పేరు తిరిగి ఎక్కించాలని జడ్జి అక్కడే తీర్పు చెప్పాడు. చాందీకి పురుడు పోసింది సరోజనేనని కూడా అందులో రాయించాడు. సరోజన బయటికొచ్చి తండ్రికి ఫోన్ చేసింది. "నాయినా, ఇగ ఎవ్వలకైనా చెప్పుకో," అంది. అవతల ఎర్రయ్య ఫోన్ పెట్టకుండానే పక్కవాడికి "మా బిడ్డ నర్సు" అని చెబుతున్నాడు.

మెట్ల మీద రాధాబాయి మనుమడికి అరటిపండు ఒలిచి పెడుతోంది. సరోజన పక్కన కూర్చుంది.

"చేను సంగతి ఎందుకు చెప్పినవ్ అవ్వా? ఎవ్వలు అడగలే కద."

"నువ్వు వాగుల దిగినప్పుడు నిన్నెవ్వలు అడిగిండ్రు బిడ్డా?" అంది రాధాబాయి, మిగిలిన సగం పండు ఆమె చేతిలో పెడుతూ.