పూడ్చిన తొర్ర

భార్య పోయాక ఆ వడ్రంగికి ఎవరి పొడా గిట్టేది కాదు. పెరట్లో ఆమె నాటిన చెట్టు ఒక్కటే ఆయనకు మిగిలిన చుట్టం. దాని మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. అలాంటి చెట్టుకు వడ్రంగిపిట్ట తొర్ర తొలిచింది.

ఆమె ఉన్న రోజుల్లో ఆ టకటక వినబడితే, "మీ తమ్ముడు పనిలోకి దిగాడు, మీరింకా మంచం దిగలేదు" అని నవ్వేది. ఇప్పుడా చప్పుడు ఆయన చెవిలో మేకులా దిగేది.

ఈ తూట్లతో చెట్టు చచ్చిపోతుందని ఆయన భయం. కొట్టులో చేసే పనే ఇక్కడా చేశాడు. రంపపు పొట్టులో జిగురు కలిపి, నిచ్చెన వేసి, తొర్ర మూతిని బిగదట్టి పూడ్చాడు. తలుపుకైనా బల్లకైనా ఆయన పూడ్చిన చిల్లు మళ్లీ తెరుచుకున్న దాఖలా లేదు.

మర్నాడు పిట్టలు రెండూ వచ్చాయి. తోకలు మానుకు ఆనించి, వంతులు వేసుకుని పొడిచాయి. చుట్టూ బెరడు రేగింది గానీ ముద్ద బీటైనా వారలేదు.

"పొడవండి, పొడవండి. నా చేతి పని అది!" అన్నాడు.

ఆ మర్నాడు భార్య చెల్లెలు వచ్చింది. తలెత్తి చూసి అక్కడే ఆగిపోయింది.

"బావా, ఆ పిట్ట నోట్లో పురుగుంది."

"ఉంటే?"

"తనకోసమైతే ఎప్పుడో మింగేది కదా! లోపల పిల్లలున్నాయి."

"చెట్టును తినేస్తున్నాయే!"

"చెట్టును తినేది పురుగు. ఆ పురుగును తినేది పిట్ట. పుట్టి బుద్ధెరిగి చెక్కతోనే బతికావు, ఆమాత్రం తెలీదా? అక్క ఉంటే నీ చెయ్యి విరిచేది."

ఆయన ఉలి, సుత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. తన పని తనకే లొంగలేదు. ఆఖరి పెచ్చు ఊడాక లోపలికి చెయ్యి పెట్టాడు. మూడు పిల్లలు. ఈకలైనా సరిగ్గా రాలేదు. చల్లబడిపోయాయి.

చెట్టు మొదట్లోనే గొయ్యి తీసి వాటిని పాతిపెట్టాడు.

ఆయన నిచ్చెన తీయడమే ఆలస్యం, పిట్ట వచ్చి తొర్రలోకి తల దూర్చింది. నోట్లో పురుగు అలాగే ఉండగా బయటికొచ్చింది. మళ్లీ దూర్చింది.

"ఇంక లేవని దానికెవరు చెప్తారు బావా?" అంది మరదలు.

"గుమ్మంలో అలికిడైతే నేనిప్పటికీ లేచి చూస్తాను. నాకెవరు చెప్పారు?"

ఉలికి అంటిన పొట్టును గోటితో గీకుతూ అరుగు మీద కూర్చుండిపోయాడు.