కాఫీ మొక్క బతకని స్థలాలు

కొండ కింద ఎస్.కోటలో ఇంటిస్థలం కొన్న ప్రతిసారీ చిన్నమ్మలు అరకు నుంచి ఒక కాఫీ మొక్క పట్టుకెళ్లి అక్కడ నాటేది. ఎండాకాలం వచ్చేసరికి అది మాడిపోయేది. మొక్క పోయాక ఆమె భర్త పైడిరాజుకు ఆ స్థలం మీద మనసు విరిగేది. రెండు మూడేళ్లకు అమ్మేసి ఇంకొకటి కొనేవాడు.

ఇప్పుడు ఆదాయపు పన్ను వాళ్లు ఆ అలవాటుకు పేరు అడుగుతున్నారు.

"బాబాయ్, బేగి ఒక మాట తేల్చు," అంది దివ్య. ఆమె పైడిరాజు అన్నగారి కూతురు, విజయనగరంలో ఆడిటర్. నోటీసుకు జవాబు రాయడానికి ల్యాప్‌టాప్‌తో నేరుగా అరకులోని బాబాయ్ కిరాణా కొట్టుకే వచ్చింది. "ఉంచుకోవడానికి కొన్నది అమ్మితే పన్ను ఒకలా ఉంటుంది. అమ్మడానికే కొంటే నువ్వు స్థలాల వ్యాపారివి, పన్ను ఎక్కువ. ఇన్నిసార్లు కొని అమ్మితే వ్యాపారమనే అంటారు. అసలు నీ ఉద్దేశం ఏటి?"

"ఉండడానికేనే గుంటా. ఏజెన్సీలో గిరిజనులు కానోళ్లం, మనం భూమి కొనకూడదు కదా. కిందకి దిగిపోయి ఇల్లు కట్టుకుందామని."

"మరి ఒక్కచోటైనా ఎందుకు కట్టలేదంటారు."

పప్పు ధర అడిగితే తడుముకోకుండా చెప్పే మనిషి పైడిరాజు. తన మనసు గురించి అడిగేసరికి, కొత్త ఇంట్లో చీకట్లో స్విచ్చు వెతుక్కుంటున్నట్టు అయింది.

"పిన్నీ, నువ్వు చెప్పు."

చిన్నమ్మలు గుమ్మం దగ్గర, కొత్త స్థలానికి తీసుకెళ్లాల్సిన మొక్కకు నీళ్లు పోస్తోంది. "నానేటి చెప్తాను? మొక్క బతికితే ఎల్దామనుకున్నాను. బతకనేదు."

మెట్ల మీద కూర్చున్న గాసి పకపకా నవ్వాడు. కొట్టు వెనక కాఫీ తోట అతనిదే. "నీడ నేని సోట కాఫీ బతుకుద్దేటమ్మా? నీకు తెల్దా? ఏటేటా నా గింజలు కొంతాడు, సావుకారికి తెల్దా?"

చిన్నమ్మలు చెంబు కింద పెట్టింది.

"తెలిసే ఏసేదానివేటే?" అన్నాడు పైడిరాజు.

"నీకూ తెలుసు గదా. ఒద్దన్నావేటి?"

"మీ అక్కసెల్లెళ్లంతా కిందే ఉన్నారు, నీకు ఎల్లాలనుందనుకున్నాను."

"నీకే ఉందనుకున్నాను. కొన్నప్పుడల్లా కొత్త సొక్కా తొడుక్కుని గట్లన్నీ తిప్పేవోడివి!"

మొక్క ఎండిందని తెలిసిన ప్రతిసారీ గుండెల్లో ఏదో కదిలేది. దాన్ని ఇన్నేళ్లూ దిగులనుకున్నాడు పైడిరాజు. అది తెరిపి అని ఇప్పుడు తెలిసింది.

"దివ్యా, ఉండడానికి కొన్నానని రాయకు."

"రాయకపోతే వ్యాపారమైపోతుంది బాబాయ్."

"ఈవిడ కోసం కొన్నానని రాయకూడదా?"

"అలాంటిది వాళ్ల చట్టంలో లేదు."

"అయితే వ్యాపారమే అని రాసేయ్. ఉన్న స్థలమూ అమ్మేస్తాను."

చిన్నమ్మలు అప్పటికే మొక్కను చంకనెత్తుకుంది. "గాసీ, మీ సిల్వర్ ఓకు సెట్ల నీడన ఇంత సోటుందేటి?"

"ఉంది, రామ్మా."

పైడిరాజు గునపం అందుకుని ఆమె వెనకే బయల్దేరాడు.

"కొట్టెవరు చూస్తారు బాబాయ్?"

"నువ్వే. వ్యాపారస్తుల పిల్లవి కావేటి?"